నీ రెండో అధ్యాయం గురించి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. పేదలు, చట్టాల గురించి నువ్వు రాసి పంపిన అధ్యాయం చదివాను. చాలా కష్టపడ్డావు. కానీ 'పేదలకు చట్టాలపై అవగాహన లేదు' అన్న వాక్యం దగ్గర నాకు మనసొప్పలేదు. అంత పెద్ద మాట అంత తొందరగా అనేయకమ్మా.

1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ గురించి నువ్వే రాశావు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. సరే. ఇప్పుడు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే వేలంలో చేపలు పాడుకుని, గంపతో వీధులు తిరిగే మనిషి వైపు నుంచి చూడు. భర్త కొడితే కేసు పెట్టొచ్చని ఆమెకు తెలుసు, టీవీలో చూసింది. కోర్టుకెళ్లిన రోజు బేరం పోతుంది. సరుకు కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ ఆగదు. వాయిదా పడితే మళ్లీ ఆటో ఛార్జీ. కేసు పెట్టాక రాత్రికి ఏ ఇంటికి వెళ్లాలి? ఉచితమన్న ఆ సాయం ఆమెకు ఎంత ఖరీదో అడిగి, రూపాయల్లో రాయి.

బొర్రా వైపు గిరిజనుల సంగతే చూడు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970 నుంచే గట్టి రెగ్యులేషన్ ఉంది. అయినా మైనింగ్ లీజులు ఇచ్చారు. 'సమత' సంస్థ అండగా నిలిచి, హైకోర్టులో ఓడినా వదలకుండా సుప్రీంకోర్టుకు వెళితే, ఆ లీజులు చెల్లవని 1997లో తీర్పు వచ్చింది. మధ్యలో గడిచిన ఆ ఇరవై ఏడేళ్లను అవగాహన లేకపోవడం ఖాతాలో వేస్తావా?

ఇంకో మాట. 'మీ హక్కులు మీకు తెలుసా?' అని ఫారం పట్టుకుని అడిగితే, నిన్ను తొందరగా పంపించడానికి 'తెలీదండి' అంటారు. గాజువాకలో తాపీ పనివాళ్లను 'పోయినసారి మేస్త్రీ కూలి ఎగ్గొడితే ఎవరి దగ్గరికెళ్లారు?' అని అడుగు. పెద్దమనిషి, యూనియన్, కుల పెద్ద, ఎవరి పేరు ముందు చెబుతారో ఆ వరసలోనే రాసుకో. నాకైతే అదే నీ అసలు అధ్యాయం.

నీతో మాట్లాడినవాళ్ల పేర్లు మార్చితే చాలదు, పేట పేరు కూడా మార్చు. చిన్న పేటలో ఎవరి కథో ఇట్టే తెలిసిపోతుంది, దెబ్బలు ఆ కథ చెప్పిన ఆమెకే పడతాయి. న్యాయ సహాయం హెల్ప్‌లైన్ నంబరు 15100 కాగితం మీద రాసి దగ్గర పెట్టుకో, అడిగినవాళ్లకు ఇవ్వు.

ఆ వాక్యం కొట్టేసి, నలుగురితో మాట్లాడాక మళ్లీ పంపు. ఎంత పొడుగున్నా చదువుతాను.