మిరపకోతలకొచ్చే వలస కూలీలకు శానిటైజర్ పంచితే సరిపోతుందా?

"మళ్లీ కరోనా లాంటిది వస్తే, మా గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు మిరపకోతలకొచ్చే కూలీలకు మాస్కులు, శానిటైజర్లు పంచితే చాలా?" అని అడిగారు. చాలదు. శానిటైజర్ అయితే అసలు పంచొద్దు.

రోజంతా కాయ కోసిన చేతికి సన్న పగుళ్లుంటాయి, గోళ్ల సందుల్లో ఘాటు పట్టి ఉంటుంది. దానిమీద శానిటైజర్ పడితే భగ్గున మండుతుంది. మిరప ఘాటు నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో, స్పిరిట్‌లో కరుగుతుంది. శానిటైజర్‌లో ఉండేది స్పిరిటే, అందుకే ఘాటు పోకుండా చెయ్యంతా పాకుతుంది. ఒకసారి మండిన మనిషి మళ్లీ ఆ సీసా ముట్టుకోడు. చెంచాడు వంటనూనె రుద్ది, నిమిషం ఆగి, సబ్బుతో రెండుసార్లు కడగాలి. ఇరవై మంది ముఠాకు కుళాయి బిగించిన 200 లీటర్ల డ్రమ్ము ఒకటి, సబ్బులు నాలుగు పెట్టండి. పురుగుమందు పోసిన డ్రమ్ము మాత్రం ఎంత కడిగినా వద్దు.

మాస్కు కూడా ఒక్కటిస్తే లాభం లేదు. చెమటకు తడిసి, మిరప ధూళి పట్టి పెదాలు మండుతాయి. మనిషికి మూడు నూలు మాస్కులు కావాలి, రోజూ ఉతికి ఎండలో ఆరేయాలి.

ఇక జబ్బుపడినవాళ్లను కనిపెట్టడానికి ఎప్పుడు వెళ్లాలి? పగలు వెళ్తే ఎవరూ మాట్లాడరు, కోత కిలోల లెక్క కదా. సాయంత్రం కాటా వేళకు వెళ్లండి. అందరూ తట్టలతో ఒకచోట గుమిగూడతారు, అందరూ దగ్గుతూనే ఉంటారు. అందులో ఏది జబ్బు దగ్గో, ఏది ఘాటు దగ్గో ఎవరికీ తెలియదు. కాబట్టి దగ్గు గురించి అడగొద్దు. రాత్రి చలిజ్వరం వచ్చిందా, నడిస్తే ఆయాసం వస్తోందా అని అడగండి. ఆ తర్వాత కూలీలను తీసుకొచ్చిన ముఠా మేస్త్రిని కాటా పుస్తకం చూపించమనండి. నిన్నటి తూకంలో సగానికి పడిపోయిన పేరు కనిపిస్తే ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లండి. థర్మామీటర్ కంటే ముందు చెప్పేది ఆ పుస్తకమే. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి పెట్టేముందు వేలు కడిగించండి, గోరింటాకు లేని వేలు చూడండి. ఆరు నిమిషాలు నడిపించాక ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే 108కి ఫోన్ చేయాలి.

జబ్బు ఎందుకు దాస్తారంటే, పడుకుంటే ఆ రోజు కూలి సున్నా. దీన్ని పట్టించుకోకుండా ఫ్లెక్సీ కట్టి మైకులో చెప్పే సదస్సులు ఎన్ని పెట్టినా వృథా. జబ్బుపడినవాళ్లకు వేరే పట్టా గుడారం వేసి, పది రోజులకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, అర లీటరు నూనె ఇస్తామని రైతు, మేస్త్రి ఇద్దరూ అందరి ముందు చెప్పాలి. కోత మొదలయ్యే రోజే చెప్పాలి. జ్వరం వచ్చాక చెబితే ఎవరూ నమ్మరు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి కోతలు నడుస్తూనే ఉన్నాయి. వాలంటీర్లు 50 ఇళ్లకొకరు చొప్పున ఇంటింటి సర్వే చేశారు గానీ పొలం గట్టు మీది గుడారానికి డోర్ నంబర్ ఉండదు. అందుకే మేస్త్రి దగ్గరున్న పేర్లతో వేరే జాబితా రాయాలి. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల వలసకు వచ్చేవాళ్లలో కన్నడం మాట్లాడేవాళ్లూ ఉంటారు. వాళ్లకు కరపత్రం ఇచ్చేకన్నా ఆ ముఠాలోని పెద్దావిడ గొంతుతో రికార్డు చేసిన మాట ఫోన్లలో పంపితే వింటారు.

టీకాల దగ్గర జరిగిన తప్పు మళ్లీ జరగకూడదు. 2021 మే నుంచి కోవిషీల్డ్ రెండో డోసుకు కనీసం 84 రోజుల ఎడం పెట్టారు. కోతలేమో దాదాపు మూడు నెలలు. ఇక్కడ మొదటి డోసు వేస్తే రెండోది సొంతూళ్లో పడాలి. అప్పట్లో టీకా నమోదు చేసే కోవిన్ వెబ్‌సైట్‌లో ఒక్క ఫోన్ నంబర్ మీద నలుగురినే నమోదు చేసేవాళ్లు. మేస్త్రి నంబర్ మీద నమోదైనవాళ్లు ఊరెళ్లాక ఓటీపీ కోసం మేస్త్రిని వెతుక్కోవాల్సిందే. ఇంట్లో ఎవరో ఒకరి సొంత నంబర్ రాయించండి. టీకా పేరు, వేసిన తేదీ, రెండోది ఎప్పుడో అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, బస్సెక్కే రోజు ఆధార్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టివ్వండి. వాళ్ల ఊరి ఆరోగ్య కార్యకర్తకు (ఏఎన్ఎంకు) ఆ జాబితా అదే రోజు పంపించండి.