బోటు మోటారు పాతబడింది: రిపేరా, కొత్తదా?

ప్రశ్న: నా బోటుకు 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే) మోటారు ఉంది. కొని 14 ఏళ్లయింది. ఏడాదికి 120 గంటల దాకా నడుపుతాను. మా ఇంటి ఖర్చులో దాదాపు సగం చేపలవేట మీదే గడుస్తుంది. రెండేళ్లలో కార్బ్యురేటర్లు, ఇగ్నిషన్ కాయిల్, స్టార్టర్ మార్పించాను. అయినా గత సీజన్‌లో 9 రోజులు బోటు ఒడ్డునే ఉండిపోయింది. ఇప్పుడు స్పీడ్ అందుకోవడం లేదు. ఇంజన్ విప్పాల్సిందేనని మెకానిక్ అంటున్నాడు. లోను తీసుకుని కొత్త ఫోర్ స్ట్రోక్ కొందామని మా అబ్బాయి అంటున్నాడు. ఇంత ఖర్చు పెట్టాక వదిలేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన కొటేషన్లు చూశాను. ఇలాంటి ఇబ్బందిలో ఉన్న మిగతా పాఠకులకూ అక్కరకొస్తుందని వాటన్నిటినీ ఒకే లెక్కలోకి మార్చాను. కొత్త మోటారు ధర 100 అనుకుందాం. ఆ లెక్కన ఇంజన్ విప్పి పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయడానికి మెకానిక్ అడిగింది 35. రెండేళ్లలో మీరు పెట్టేసింది 18. ఏడాదికి పెట్రోలు, ఆయిల్ కలిపి 20.

ముందు ఆ 18 గురించి చెప్పాలి. మీ బాధ అర్థమైంది. కానీ మోటారు ఉంచుకున్నా, అమ్మేసినా ఆ డబ్బు తిరిగి రాదు. కాబట్టి ఈ నిర్ణయంలో దానికి చోటు లేదు. పెట్టిన ఖర్చును కాపాడుకోవాలని ఇంకో 35 పెడతారేమోనన్నదే నా భయం. పాత బండ్లు, పాత మిషన్లు ఉన్నవాళ్ల ఖర్చు తడిసి మోపెడయ్యేది సరిగ్గా ఈ దగ్గరే. ఇవాళ చేతిలో ఉన్న డబ్బుతో ఇకముందు ఎన్నేళ్ల నికరమైన నడక దొరుకుతుందన్నది మాత్రమే చూద్దాం.

అది తేలాలంటే మోటారు అసలు స్థితి తెలియాలి. మీ ఉత్తరంలో నాకు లోటుగా కనిపించింది ఇదే. ఇంజన్ విప్పాలని మెకానిక్ చెప్పాడన్నారు గానీ, కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్ లోపల ఒత్తిడి ఎంత వస్తుందో కొలిచే పరీక్ష, చేశాడని ఎక్కడా రాయలేదు. రిపేరు ఖర్చు ముందు ఆ టెస్ట్ ఖర్చు చాలా చిన్నది. దగ్గరుండి చేయించండి. ఇంజన్‌ను కాస్త వేడెక్కనిచ్చి ఆపి, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ కట్ చేసి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ బిగించి థ్రాటిల్ పూర్తిగా తెరిచి స్టార్టర్ తిప్పుతారు. ముల్లు ఎక్కడ ఆగిందో మీరే కాగితం మీద రాసుకోండి. అంకె ఎంత పెద్దదన్న దానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. ఉదాహరణకు మూడు సిలిండర్లలో 115, 112, 110 పీఎస్‌ఐ వస్తే లోపల ఆరోగ్యంగానే ఉన్నట్టు. 115, 112 వచ్చి మూడోది 78 దగ్గర ఆగిపోతే ఆ సిలిండర్ అరిగినట్టే. తేడా 10 శాతం లోపు ఉంటే కంగారు పడనక్కర్లేదన్నది వాడుకలో ఉన్న లెక్క.

అప్పుడే ప్రొపెల్లర్‌ను తిప్పే గేర్లుండే కింది గేర్ కేస్ డ్రెయిన్ స్క్రూ కూడా విప్పించి కాస్త గేర్ ఆయిల్ బయటికి తీయించండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే సీళ్లు పోయి నీళ్లు లోపలికి వెళుతున్నాయి. వేళ్ల మధ్య రుద్దితే లోహపు రజను తగిలితే గేర్లు అరుగుతున్నాయి. ఈ రెండు పరీక్షలూ అవకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.

స్పీడ్ అందుకోకపోవడానికి ఇంజన్ లోపలి జబ్బే కారణం కానక్కర్లేదు. ఫ్యూయల్ పంపు డయాఫ్రం చిరిగినా, పెట్రోలు గొట్టానికి పగులు వచ్చి గాలి పీల్చుకుంటున్నా, ఫిల్టర్ మూసుకుపోయినా అదే లక్షణం కనిపిస్తుంది. ప్రొపెల్లర్ హబ్‌లో రబ్బరు బుష్ జారిందంటే ఇంజన్ అరుస్తుంది, బోటు మాత్రం ముందుకు పోదు. ఇవన్నీ చిన్న రిపేర్లు. మీ మెకానిక్‌ను అనుమానించమని చెప్పడం లేదు, కొలిచి చెప్పమని అడగమంటున్నాను.

ఇక లెక్క. కంప్రెషన్ నిజంగానే పడిపోయిందనుకుందాం. 35 పెట్టి బాగు చేయిస్తే నాలుగేళ్లు నడుస్తుందని మెకానిక్ అన్నాడన్నారు. అంటే ఏడాదికి దాదాపు 9. మిగతా పాతభాగాల మీద ఏటా ఎంతో కొంత పడుతూనే ఉంటుంది. మీ గత ఖర్చును బట్టి దానికి 6 వేశాను. ఒడ్డున ఆగిన 9 రోజుల్లో పోయిన రాబడి మీ అంకెల ప్రకారం 5. ఇంజన్ బాగైతే అందులో సగమన్నా తగ్గుతుందనుకున్నా, పాత మోటారు ఏడాదికి 17 నుంచి 18 తింటుంది.

కొత్తదానికి మోటారు ధర 100 ఒక్కటే చూస్తే సరిపోదు. కంట్రోల్ బాక్స్, కేబుళ్లు, ప్రొపెల్లర్, బ్యాటరీ, బిగింపు కలిపి మీ కొటేషన్‌లో ఇంకో 15 ఉంది. పాత మోటారును ఉన్నదున్నట్టు అమ్మితే 8 వస్తుందన్నారు. నికరంగా 107. పెట్రోలు అవుట్‌బోర్డులకు దాదాపు 1500 గంటలు మంచి ఆయుష్షని చాలామంది చెప్పే మాట. మీ వాడకంలో అది పన్నెండేళ్లు. చివర్లో అమ్మకం విలువ 20 వస్తుందనుకుంటే ఏడాదికి 7 చిల్లర. సర్వీసింగ్ 3. మీరు 70 లోను తీసుకుని 12 శాతం వడ్డీతో నాలుగేళ్లలో తీరిస్తే వడ్డీ మొత్తం 18.5 అవుతుంది. పన్నెండేళ్లకు పంచితే ఏడాదికి ఒకటిన్నర. అంతా కలిపి దాదాపు 12.

ఇందులోంచి పెట్రోలు ఆదా తీసేయాలి. కార్బ్యురేటర్ ఉన్న టూ స్ట్రోక్‌లో పొగ బయటికి పోయే దారీ, కొత్త పెట్రోలు లోపలికి వచ్చే దారీ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. దాంతో వేసిన పెట్రోలులో 25 నుంచి 30 శాతం దాకా మండకుండానే బయటికి పోవచ్చు. ఫోర్ స్ట్రోక్‌లో ఆ నష్టం చాలా తక్కువ, పెట్రోలులో ఆయిల్ కలిపే పనీ ఉండదు. నేను జాగ్రత్తగా పాతిక శాతమే ఆదా అనుకున్నాను. మీ 20లో అది 5. అంటే కొత్త మోటారు అసలు భారం ఏడాదికి 7 దగ్గరికి వస్తుంది.

17 ఎక్కడ, 7 ఎక్కడ! ఇంజన్ లోపల పోయిన మాట నిజమైతే ఆ 35 పెట్టొద్దనే నా సలహా. బాగైన ఇంజన్ కింద గేర్ కేసూ, పైన వైరింగూ 14 ఏళ్ల నాటివే ఉంటాయి. కొత్త పిస్టన్లు వాటి వయసును తగ్గించవు.

అలాగని మీ అబ్బాయి మాట విని రేపే లోను కాగితాల మీద సంతకం పెట్టమనీ అనను. ఏడాది సగటు చూస్తే కొత్తది చవక. కానీ కిస్తీ సగటు లెక్కలు వినదు. 70 లోనుకు నెలకు 1.84, ఏడాదికి 22 కట్టాలి, అదీ మొదటి నాలుగేళ్లలోనే. వేట లేని నెలల్లోనూ కట్టాలి. పైగా ముందు చేతి నుంచి పెట్టాల్సింది 37. ఆ 37 పెట్టాక కూడా ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరు నెలల కిస్తీ మీ ఖాతాలో మిగులుతాయా? మిగిలితే కొనండి, నాకు అభ్యంతరం లేదు. పిల్లల ఫీజులకో వైద్యానికో దాచింది కదిలించాల్సి వస్తే మాత్రం ఆగండి. ఇంటి ఖర్చులో సగం బోటు మీదే గడుస్తున్నప్పుడు, దాచుకున్నదంతా ఊడ్చి మళ్లీ ఆ బోటులోనే పెట్టడం రిస్కు.

టెస్ట్‌లో కంప్రెషన్ బాగానే ఉందని తేలితే దారి పూర్తిగా మారుతుంది. అప్పుడు ఫ్యూయల్ పంపో, గొట్టాలో, సీళ్లో, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు తోడే వాటర్ పంపు ఇంపెల్లరో మార్చాల్సి రావచ్చు. అది 12 దాటకపోతే చేయించేయండి. మూడేళ్లు నడిచినా ఏడాదికి 4 పడుతుంది, అప్పు టెన్షన్ ఉండదు. ఆ వచ్చే నెల నుంచే కిస్తీ కడుతున్నట్టుగా నెలకు 1.84 విడిగా ఒక ఆర్‌డీలో వేయండి. 20 నెలలకు వడ్డీ కలపకుండానే 37 దగ్గరికి చేరుతుంది, అంటే డౌన్ పేమెంట్ సిద్ధం. మధ్యలో రెండు మూడు నెలలు కట్టలేకపోయారంటే, లోను కూడా అక్కడే ఇబ్బంది పెట్టేదని ముందే తెలిసిపోతుంది. ఈ పద్ధతి నాకు ఎంతో ఇష్టం, ఎందుకంటే తప్పినా పోయేదేమీ లేదు.

ఇంపెల్లర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఇంజన్ నడుస్తున్నప్పుడు పక్కన చిన్న గొట్టంలోంచి నీటి ధార వస్తుంది కదా, అది సన్నబడితే ఆ పూటకు వేట ఆపేయండి. ఇంపెల్లర్ చిన్న రబ్బరు ముక్క. దాన్ని సకాలంలో మార్చకపోతే ఇంజన్ వేడెక్కి పిస్టన్లు పట్టేస్తాయి. 35 ఖర్చయ్యే రిపేర్లలో చాలావాటికి మొదలు అక్కడే.

సెకండ్ హ్యాండ్ మోటారు గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు చూపిస్తారు. అదే కంప్రెషన్ టెస్ట్, అదే గేర్ ఆయిల్ పరీక్ష చేయనిస్తేనే మాట్లాడండి. స్పేర్ పార్టులు ఇకముందూ దొరుకుతాయా అన్నదీ చూడాలి. 1909 నాటి నుంచి పేరున్న ఎవిన్‌రూడ్ అవుట్‌బోర్డుల తయారీని 2020లో దాని యజమాని కంపెనీ బీఆర్‌పీ ఆపేసింది. పేరు పెద్దదైనంత మాత్రాన తయారీ సాగుతుందని లేదు. మీ మోటారుకూ పార్టులు తెప్పించడానికి వారాలు పడుతుంటే, ఒడ్డున ఆగే రోజుల ఖర్చు నేను వేసినదానికంటే పెరుగుతుంది.

కొత్తది కొనాలని తేలితే డబ్బు కట్టే ముందు మూడు విషయాలు చూసుకోండి. అదే హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ మీ టూ స్ట్రోక్ కంటే 20 కిలోలకు పైగా బరువుండొచ్చు. బోటు వెనక చెక్క, అదే ట్రాన్సమ్, ఆ బరువు మోయగలదో లేదో చూపించండి. చెక్క మెత్తబడి ఉంటే దాని ఖర్చు 115కి అదనం. షాఫ్ట్ పొడవు ట్రాన్సమ్ ఎత్తుకు సరిపోవాలి. సాధారణంగా 15, 20, 25 అంగుళాల్లో వస్తాయి. ఇక వారంటీ: సరదాకు నడిపే బోటుకు ఇచ్చే వారంటీ, వేటకు నడిపే బోటుకు ఇచ్చేది ఒకటే కాకపోవచ్చు, చాలాసార్లు వేటకు తక్కువ. మీ వాడకం ఏమిటో బిల్లు మీద ఉన్నదున్నట్టు రాయించి, దానికి ఎన్నేళ్లు ఇస్తారో కాగితం మీద తీసుకోండి.

టెస్ట్ అంకెలు చేతికి వచ్చాక, గత పన్నెండు నెలల బోటు రాబడి నెలవారీగా రాసి వాటితో పాటు పంపండి. కిస్తీ ఎంత వరకు మోయగలరో దాన్ని బట్టి చెబుతాను.