ఆన్‌లైన్‌లో కొంటే మన పన్ను ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: మేడమ్ గారూ, మా వీధిలో మూడు కొట్లు మూతపడ్డాయి. అందరూ ఫోన్లోనే కొంటున్నారు. నాలా పూడిక తీయమని వెళ్తే నిధుల్లేవంటున్నారు. మనం కట్టే జీఎస్టీ అంతా గురుగ్రామ్‌కీ బెంగళూరుకీ పోతోందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పోదండీ. నేను వాణిజ్య పన్నుల శాఖలో చేసి రిటైరయ్యాను, ఈ అనుమానం చాలామందికి ఉంది. ఈమధ్య కొన్న మిక్సీ బిల్లు నా ముందే ఉంది. అమ్మినవాళ్ళది హర్యానా. సరుకు 3,000 రూపాయలు, దానిమీద ఐజీఎస్టీ, అంటే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మే సరుకు మీద వేసే జీఎస్టీ, 18 శాతం, అంటే 540. పాత కేంద్ర అమ్మకపు పన్ను అమ్మిన రాష్ట్రానికే దక్కేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక అది తిరగబడింది, సరుకు చేరిన రాష్ట్రానిదే వాటా. నా 540లో 270 కేంద్రానికి, 270 తెలంగాణకి. మీ బిల్లులోనూ ‘ప్లేస్ ఆఫ్ సప్లై’ (సరుకు చేరే చోటు) దగ్గర తెలంగాణ అని ఉందో లేదో చూసుకోండి.

అయితే ఆ 270 నేరుగా మీ నాలా దాకా రాదు. రాష్ట్ర ఖజానాలో పడుతుంది. అందులోంచి నగరపాలక సంస్థలకి ఎంత ఇవ్వాలో సిఫారసు చేయడానికే రాజ్యాంగంలో 243-వై అధికరణం కింద రాష్ట్ర ఆర్థిక సంఘం ఉంది. నగరం తనంతట తాను వసూలు చేసుకునేది ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్సు ఫీజు, ఇళ్ళ పర్మిషన్ల ఫీజులూ.

చిక్కడపల్లిలో మా ఇంటి కింద స్టీలు సామాన్ల కొట్టుండేది. లైసెన్సు కాగితానికి ఫ్రేము కట్టించి వేంకటేశ్వరస్వామి పటం పక్కనే తగిలించుకున్నాడాయన. ఇప్పుడా షట్టరు దించే ఉంది, చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఆయన కట్టే ఫీజు నగరానికే వచ్చేది. నా మిక్సీ బయల్దేరిన గోదాము ఆస్తి పన్ను మాత్రం ఆ గోదామున్న ఊరిది. నష్టం ఉన్నది ఇక్కడ, జీఎస్టీలో కాదు.

అలాగని మూడు కొట్ల ఫీజు పోయినందుకే నాలా పూడిక ఆగిందంటే నేనొప్పుకోను. మీ వార్డులో నిరుడు ఎంత వసూలైంది, పూడికతీతకి ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది? ఈ మూడూ రాసి, 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు ఎలా రాయాలో నేను చెబుతాను.