కూతురి ఇల్లు ఉండగా మేం హోటల్లో ఎందుకు దిగాం

‘విదేశంలో ఉన్న పిల్లల్ని చూడటానికి వెళ్ళి హోటల్లో దిగితే వాళ్ళు నొచ్చుకోరా? మంచి హోటల్ అయితే ఆ ఖర్చు దండగ కాదా?’ అని ఒకరు అడిగారు. నొచ్చుకుంటారు. అయినా దిగండి. వెళ్ళిన నెలంతా అక్కర్లేదు, నాలుగు రాత్రులు చాలు. 2024లో మేం అదే చేశాం.

మాది కాకినాడ. నేనూ మావారూ రిటైరయ్యాం. అమ్మాయి, అల్లుడు సింగపూర్‌లో పుంగ్గోల్ అనే చోట గవర్నమెంటు కట్టిన ఫ్లాట్‌లో ఉంటారు. అక్కడ ‘త్రీ రూమ్’ అంటే హాలుతో కలిపి మూడు, పడకగదులు రెండే. మనవడి రెండో పుట్టినరోజుకి మా వియ్యంకులు కూడా విశాఖపట్నం నుంచి వచ్చారు. ఒక గది వాళ్ళకి, ఒక గది మాకు ఇచ్చేసి పిల్లలు ముగ్గురూ హాల్లో పరుపు వేసుకున్నారు.

మొదటి వారంలో నాకు బాగా తెలిసొచ్చిన సంగతి, మా అమ్మాయి అసలు కూర్చోవడం లేదు. లేస్తూనే అత్తగారికి కాఫీ, మావారికి చక్కెర లేని టీ, పిల్లాడికి పాలు, తర్వాత ఆఫీసు. నేను చేస్తానంటే ‘ఈ పొయ్యి నీకు అలవాటు లేదమ్మా’ అనేది. మా వియ్యపురాలు వదినగారు చేస్తానన్నా అదే మాట. రాత్రి పదకొండింటికి నేను మంచినీళ్ళకి లేస్తే బట్టలు మడతపెడుతూ కనిపించేది. అందులో ఎవరి తప్పూ లేదు. మా వదినగారు చాలా మంచావిడ. కానీ ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళు ఉంటే ఆ ఇంటి ఆడపిల్లకి ఊపిరి సలపదు. అది ఎంత మంచి కుటుంబమైనా సరే.

మావారు నాతో కూడా చెప్పకుండా క్లార్క్ కీ అనే చోట, నది పక్కన, కొత్తగా తెరిచిన పెద్ద హోటల్లో నాలుగు రాత్రులకి గది తీసుకున్నారు. అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది. ‘నా ఇల్లుండగా హోటలేంటి నాన్నా?’ అంది. ‘మీ అమ్మకి నది చూస్తూ నిద్ర లేవాలని ఉందే’ అన్నారాయన. నేనెప్పుడూ అలా అనలేదు. అయినా ఊరుకున్నాను.

ఖర్చు సంగతి దాచను. గది రోజుకి 380 సింగపూర్ డాలర్లని చూపించారు, పక్కన ప్లస్ ప్లస్ అని గుర్తు. మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ ఛార్జి. రెండోది 9 శాతం జీఎస్టీ, అదీ ఆ సర్వీస్ ఛార్జి కలిపిన మొత్తం మీద. అలా 380 కాస్తా 455 దాటింది, మన డబ్బుల్లో రోజుకి 28 వేల పైమాట. అన్నీ కలిపిన ధర ముందే చూపిస్తే ఏం పోతుంది? పెద్దవాళ్ళు చూసి లెక్క వేసుకుంటారన్న జ్ఞానం ఉండాలి. అది చాలక, చేరేటప్పుడు రిసెప్షన్‌లో మరో 400 డాలర్లు డిపాజిట్ కింద కార్డులో ఆపి ఉంచుతామన్నారు. మేం ఇచ్చింది ముందే డబ్బు వేసుకున్న ఫారెక్స్ కార్డు. ఆ సొమ్ము తిరిగి వాడుకోడానికి వీలయ్యేసరికి ఇండియా వచ్చేశాం. మీరు ఈ డిపాజిట్‌కి మాత్రం క్రెడిట్ కార్డే ఇవ్వండి. అందులో అయితే లిమిట్ కొంత తగ్గుతుందే గానీ చేతిలో డబ్బు పోదు. మెషీన్ రూపాయల్లోనా డాలర్లలోనా అని అడిగితే డాలర్లనే చెప్పండి, రూపాయలంటే వాళ్ళిష్టం వచ్చిన రేటు వేస్తారు.

గది బాగుంది. స్నానాల గదికి గట్టు లేదు, నా మోకాళ్ళకి అది పెద్ద వరం. దీపాలు మాత్రం మంచం పక్కనున్న టచ్‌స్క్రీన్ టాబ్లెట్‌తోనే ఆర్పాలట. ఒక మామూలు స్విచ్చి పెట్టడానికి ఏం అడ్డమో నాకు అర్థం కాలేదు. టిఫిన్ మనిషికి 40 డాలర్ల పైనే అని మెట్రోలో రెండో స్టేషన్ లిటిల్ ఇండియాలో దిగి, సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌కి వెళ్ళేవాళ్ళం. అక్కడి దోసె తిన్నాక హోటల్ బఫే మీద మాకు మోజు పోయింది.

అసలు నేను చెప్పాలనుకున్నది మూడో రోజు సంగతి. శుక్రవారం. అమ్మాయి ఆఫీసు నుంచి సరాసరి మా దగ్గరికొచ్చింది, నా బీపీ మాత్రలు ఇచ్చి వెళ్ళిపోదామని. అదే మెట్రో లైనులో దాదాపు అరగంట ప్రయాణం చేస్తే గానీ ఇల్లు రాదు. చెప్పులు విప్పి మంచం అంచున కూర్చుంది. జుట్టు ఎండిపోయి పీచులా ఉంది. నా పెట్టెలో కొబ్బరినూనె సీసా ఉంటే తీశాను. ‘వద్దమ్మా, తెల్ల దిళ్ళు పాడవుతాయి’ అంది. దిండు మీద తువ్వాలు పరిచి, తల నా ఒళ్ళో పెట్టుకుని నూనె రాశాను. తను టెన్త్ చదివేటప్పుడు ఆదివారం ఆదివారం అలాగే రాసేదాన్ని. ఆఫీసులో కొత్త మేనేజర్ గురించి ఏదో చెబుతూ చెబుతూ మాట మధ్యలోనే నిద్రపోయింది.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. లేపాలా వద్దా అని నాకు ఒకటే టెన్షన్. మావారు వరండాలోకి వెళ్ళి వదినగారికి ఫోన్ చేశారు. ఆవిడ ఏమన్నారో తెలుసా? ‘లేపకండి అన్నయ్యగారూ. బాబు తిని నా పక్కనే పడుకున్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఆ పిల్లకి కంటినిండా నిద్ర లేదు’ అన్నారు. నేను చూసిందే ఆవిడా చూశారు. ఒకే ఇంట్లో ఉండి ఒకరితో ఒకరం ఆ మాట అనుకోలేకపోయాం.

మావారు సోఫాలో సర్దుకున్నారు. అమ్మాయి పొద్దున్న ఏడున్నరకి లేచింది, దాదాపు పన్నెండు గంటల నిద్ర. ‘అమ్మా, ఇంత నిద్రపోయి రెండేళ్ళయింది’ అంది. అప్పుడు నది చూశాం, ముగ్గురం ఆ అద్దం ముందు నిలబడి.

ఊరికొచ్చాక చుట్టాలు చాలానే అన్నారు. ‘కూతురింట్లో పడక సరిపడలేదా?’ అని ఒకరు, ‘అల్లుడితో ఏమైనా తేడానా?’ అని ఇంకొకరు. నాలుగు రాత్రులకి లక్షా పదమూడు వేలు పోశారని లెక్క చెప్పినవాళ్ళూ ఉన్నారు. పెళ్ళిలో ఒక్క పూట స్టేజీ పూలకి అంతకంటే ఎక్కువ పోస్తుంటే వీళ్ళెవరూ నోరెత్తరు.

మొన్న వదినగారు ఫోన్ చేశారు. మళ్ళీ అందరం ఒకేసారి వెళ్తే ఈసారి హోటల్ వంతు వాళ్ళదట, రెండు రాత్రులు కోడల్నీ మనవణ్ణీ వాళ్ళే తీసుకెళ్తారట. కొబ్బరినూనె నన్నే తెమ్మన్నారు.