పాస్ శాతం జోలికి పోకు

చిరంజీవి సుధకు,

మామయ్య ఆశీస్సులు. తమిళనాడు, కర్ణాటక ప్రభుత్వ బడుల్ని పోల్చి రాయబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మదరాసులో పెరిగి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నదానివి, ఈ పనికి నీకంటే తగినవాళ్లెవరు? అయినా నాకు దడగానే ఉంది. రెండు రాష్ట్రాల పేర్లు పక్కపక్కన రాసి కింద చెరో అంకె వేస్తే చాలు, జనం కొట్టుకుంటారు. ఆ దెబ్బ చివరికి పడేది బడి మీద, టీచరు మీద.

బడులు, గదులు, టీచర్ల లెక్క యూడైస్ ప్లస్ అనే కేంద్ర విద్యాశాఖ పట్టికల్లో దొరుకుతుంది. 2022-23 నుంచి పిల్లల వివరాలు పేరుపేరునా ఎక్కిస్తున్నారు. అంతకుముందు బడి మొత్తానికి కలిపి ఇచ్చేవాళ్లు. కాబట్టి ఆ ఏటికి అటూ ఇటూ అంకెలు పెట్టి పిల్లలు తగ్గారు, పెరిగారు అనకు. టీచరుకు ఎంతమంది పిల్లలనే రాష్ట్ర సగటునూ నమ్మకు. ఎనిమిది మంది ఉన్న బడీ, కిక్కిరిసిన బడీ కలిస్తే సగటు ముచ్చటగానే ఉంటుంది. ఒక్క టీచరుతో నడిచే బడులు ఎన్నో విడిగా చూడు.

ఇక అందరూ చేసే తప్పు. 2024లో పదో తరగతి పాస్ శాతం తమిళనాడులో 91.55, కర్ణాటకలో 73.40. చూడగానే రాసేయాలనిపిస్తుంది. ఆగు. అదే కర్ణాటకలో అంతకుముందు ఏడు 83.89 వచ్చింది. ఒక్క ఏడాదిలో పిల్లలు మొద్దులైపోయారా? పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. కొద్దిలో తప్పేవాళ్లని గట్టెక్కించే గ్రేస్ మార్కులు 20 శాతానికి పెంచినా ఫలితం అక్కడే ఆగింది. అంటే ఆ అంకెలో చదువుతో పాటు కాపలా ఉంది, కనికరం ఉంది. రెండు వేర్వేరు తక్కెళ్లలో తూచి, ఏది బరువో తేల్చానంటే ఎవరు ఒప్పుకుంటారు?

పరీక్షే వేరు మరి. 2024లో కర్ణాటకలో ఆరు సబ్జెక్టులు, 625 మార్కులు, అందులో మూడు భాషలు. ఒక్కో సబ్జెక్టులో కొన్ని మార్కులు బడిలోనే వేస్తారు. తమిళనాడులో ఐదు సబ్జెక్టులు, 500 మార్కులు. 1968 నుంచి రెండు భాషల విధానం కాబట్టి మూడో భాషలో తప్పడమనే మాటే లేదు. ఇంకో సంగతి: తొమ్మిదిలోనే వెనకబడ్డవాళ్లని ఆపేస్తే ఏ బడికైనా పదిలో నూటికి నూరూ వస్తుంది. అందుకే 2022-23లో ఎనిమిదిలో ఎంతమంది ఉన్నారు, 2024-25లో పదిలో ఎంతమంది మిగిలారు అన్నది ముందు తీయి. కర్ణాటకలో పిల్లలు ఎక్కువగా ఏడు అయ్యాక హైస్కూలుకి మారతారు, తమిళనాడులో ఐదు అయ్యాకే చాలామంది మారతారు. ఆరు నుంచి ఎనిమిది దాకా ఒకే మెట్టుగా చూపే జాతీయ పట్టికల్లో ఈ తేడా కనపడదు.

చదువు ఎంత వచ్చిందో చూడాలంటే కేంద్రం చేసే నాస్, ఒక స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ అనే సర్వేలు ఉన్నాయి. 2021 నాస్ 3, 5, 8, 10 తరగతులకు పెట్టారు. నాస్ స్థానంలో 2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ సర్వే 3, 6, 9 తరగతులకు. వాటిని గొలుసుకట్టి పెరుగుదల చూపించకు. ఈ సర్వేల్లో ప్రైవేటు బడులూ ఉంటాయి, ప్రభుత్వ బడుల వరస విడదీసి చూడు. అసర్ వాళ్లు ఇళ్లకు వెళ్లి అడుగుతారు, కానీ పల్లెల్లోనే. చెన్నై, బెంగళూరు నగరాల గురించి అందులో ఏమీ ఉండదు.

నా మాట వింటే రాష్ట్రాల్ని వదిలెయ్. సరిహద్దు పట్టుకో. ఇటు తమిళనాడులో హోసూరు, అటు కర్ణాటకలో ఆనేకల్లు, మాలూరు. అదే వాన, అవే ఫ్యాక్టరీ ఉద్యోగాలు, ఎన్నో ఇళ్లలో అదే తెలుగు. బడి ఒక్కటే మారుతుంది. రెండు వైపులా పిల్లల సంఖ్య దగ్గరగా ఉన్న బడులే ఎంచుకో, అక్కడి బ్లాకు విద్యాధికారి (బీఈఓ) అనుమతి కాగితం చేతిలో పెట్టుకునే గుమ్మం ఎక్కు. ఐదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరిగా వరండాలో కూర్చోబెట్టి రెండో తరగతి స్థాయి కథ చదివించు, అప్పు తెచ్చుకునే తీసివేత ఒకటి, భాగహారం ఒకటి ఇవ్వు. హెడ్మాస్టరు పక్కన నిలబడితే పిల్ల నోరు విప్పదు.

పొద్దున ఏం తిన్నారో రాసుకోవడం మర్చిపోకు. 1920లో మదరాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా మన పిట్టి త్యాగరాయ చెట్టి థౌజండ్ లైట్స్ బడిలో మధ్యాహ్న భోజనం పెట్టించాడు. తమిళనాడులో 2022 నుంచి ప్రాథమిక తరగతులకు పొద్దుటి టిఫిన్ కూడా వచ్చింది. పది గంటలకు నువ్వు కూర్చోబెట్టే ఇద్దరు పిల్లల కడుపులు ఒకటి కాకపోవచ్చు.

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల కన్నడంలోనో తమిళంలోనో తడబడితే, దానికి చదువు రాదని మాత్రం రాయకు తల్లీ. 2006 చట్టంతో తమిళనాడులో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. మన పిల్లలు ఇంకో భాష భారం మోస్తూ చదువుతున్నారు. ఇంటి భాషకి విడిగా ఒక గడి పెట్టు, లెక్కల్లో ఎంత వచ్చిందో దాని పక్కనే చూపించు.

జూన్‌లో వెళ్లకు, చేరికలు సర్దుకోవు. ఫిబ్రవరిలో పదో తరగతి టీచర్లకు ఊపిరాడదు. ఆగస్టు మంచిది. గొడుగు తీసుకెళ్లు, వేళకి తిను. పట్టికలు తయారయ్యాక బయటపెట్టేముందు నాకు పంపు, కూర్చుని ఒక్కో గడీ చూస్తాను.

మామయ్య
పెరంబూరు, చెన్నై