అడ్డంకులు లేకపోయినా గుండె బలహీనపడుతుందా?

ప్రశ్న: మాది టెక్కలి. మా అమ్మకు 64 ఏళ్లు. మా మేనమామ చనిపోయిన కబురు గత నెలలో నేనే ఆమెకు చెప్పాను. గంట తిరగకముందే గుండెలో నొప్పి, చెమటలు మొదలవడంతో విశాఖపట్నం తీసుకువెళ్లాం. యాంజియోగ్రామ్‌లో అడ్డంకులేవీ లేవని, అయినా గుండె కండరం బలహీనపడిందని, దుఃఖమే కారణమని చెప్పారు. అంతకు రెండు రోజుల ముందు నుంచే ఆయాసం ఎక్కువై ఆమె నెబ్యులైజర్ పెట్టించుకుంటోంది. కబురు మెల్లగా చెప్పవలసిందని బంధువులు నన్ను తప్పుపడుతున్నారు. దుఃఖంతో నిజంగా గుండె పాడవుతుందా?

జవాబు: పాడవుతుంది, కానీ చాలామందిలో తిరిగి కోలుకుంటుంది. మీరు రాసినదాన్ని బట్టి ఇది టకోట్సుబో అనే జబ్బు కావచ్చు. జపాన్ జాలర్లు ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరు అది. ఎడమ జఠరిక, అంటే రక్తాన్ని ఒంటికంతా నెట్టే గుండె గది, కొన ముడుచుకోలేక ఉబ్బిపోయి, పైభాగం మాత్రం గట్టిగా ముడుచుకుంటే గుండె ఆకారం ఆ కుండను, అంటే సన్నటి మెడ ఉన్న మన కల్లు కుండలాంటిదాన్ని, పోలి ఉంటుందని 1990లో అక్కడి వైద్యులు ఆ పేరు పెట్టారు.

ఒక్కసారిగా పెల్లుబికే అడ్రినలిన్ వంటి హార్మోన్లు కండరాన్ని తాత్కాలికంగా మొద్దుబారుస్తాయన్నది దీనికి ప్రధాన వివరణ. అయితే ఆ ఉప్పెనను రేపేది దుఃఖమొక్కటే కాదు. 2015లో వెలువడిన, 1750 మంది రోగులను పరిశీలించిన అంతర్జాతీయ అధ్యయనంలో సుమారు 36 శాతం మందికి శారీరక కారణాలు, 28 శాతం మందికి మానసిక కారణాలు కనిపించగా, దాదాపు అంతే మందిలో ఏ కారణమూ దొరకలేదు. రోగులలో పదింట తొమ్మిది మంది స్త్రీలే, అందులోనూ ఎక్కువమంది ముట్లుడిగిన వయసువారు. పక్షవాతం, శస్త్రచికిత్స, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, ఉబ్బసం శారీరక కారణాలలోకి వస్తాయి. ఆయాసానికి వాడే కొన్ని మందులూ గుండె మీద అడ్రినలిన్ లాగానే పనిచేస్తాయి. అందువల్ల మీ ఉత్తరంలో మాటవరసకు రాసిన ఆ రెండు రోజుల ఆయాసమే నాకు ముఖ్యంగా తోచింది. దానిమీద దుఃఖం తోడై ఉండవచ్చు. కబురు మెల్లగా చెప్పి ఉంటే తప్పేదని ఎవరూ అనలేరు. మీ బంధువులకు ఈ మాట చదివి వినిపించండి.

సాధారణంగా కొన్ని వారాల్లో కండరం కోలుకుంటుంది కనుక డాక్టర్ చెప్పిన గడువులో మళ్లీ ఎకో (గుండె స్కానింగ్) తీయించండి. అప్పుడు ఆయాసం సంగతి, వాడిన మందుల పేర్లు తప్పక చెప్పండి, ఆ మందులను మాత్రం సొంతంగా ఆపకండి. మళ్లీ నొప్పి వస్తే దిగులు వల్లనే అనుకొని ఇంట్లో కూర్చోబెట్టకండి; ఈ జబ్బునూ గుండెపోటునూ ఇంట్లో వేరుచేసి చెప్పడం సాధ్యం కాదు కాబట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.