లడఖ్‌కి ల్యాప్‌టాప్ లేకుండా వెళ్తే ఫోటోల బ్యాకప్ ఎలా?

పది రోజుల లడఖ్ ట్రిప్, 24 మెగాపిక్సెల్ కెమెరా, రోజుకి వెయ్యి దాకా రా (RAW, సెన్సర్ పట్టిన వివరమంతా ఉండే పెద్ద ఫైళ్లు) ఫోటోలు, ల్యాప్‌టాప్ మోయలేను, ఇంట్లో ఉన్న 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ సరిపోతుందా అని అడిగారు. ఆ డిస్క్‌ని ఇంట్లోనే ఉంచేయండి.

2019లో నేను అలాంటిదే పట్టుకెళ్లాను. నుబ్రా లోయలో రాత్రి ఫ్రెండ్ ల్యాప్‌టాప్ నుంచి అందులోకి కాపీ చేసి, ఫోల్డర్‌లో ఫైళ్ల సంఖ్య సరిపోయింది కదా అని కెమెరా మెమరీ కార్డులు రెండూ ఫార్మాట్ కొట్టేశాను. మర్నాడు పాంగాంగ్ సరస్సు దగ్గర క్యాంపులో డిస్క్ పెడితే టిక్ టిక్ మని శబ్దం, అంతే. హైదరాబాద్ వచ్చాక తెరుచుకుంది గానీ నుబ్రా ఫోల్డర్‌లో సగం ఫైళ్లు పాడైపోయాయి. కార్డుల మీద అప్పటికే కొత్త ఫోటోలు ఎక్కేశాయి కాబట్టి రికవరీ సాఫ్ట్‌వేర్‌కీ ఏమీ చిక్కలేదు. హుందర్ ఇసుకలో మా నాన్నగారు రెండు మూపురాల ఒంటె ఎక్కిన ఫోటోలన్నీ అందులోనే. ఇప్పటికీ అడుగుతుంటారు.

హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం మీద హెడ్ పలచటి గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఆ ఆధారం తగ్గుతుంది. అందుకే చాలా డిస్కుల స్పెక్స్‌లో 3,000 మీటర్ల చుట్టూ ఒక హద్దు రాసి ఉంటుంది. లేహ్ ఊరే 3,500 మీటర్లు, పాంగాంగ్ 4,200 పైన. నా డిస్క్ ఎత్తు వల్లే పోయిందని ప్రమాణం చేయలేను, జీపులో కుదుపులు తక్కువేం కాదు. ఏదైనా, తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలోనే డేటా దాచే ఎస్ఎస్‌డీకి ఈ బాధ ఉండదు.

కానీ ఎస్ఎస్‌డీ కన్నా ముందు కార్డులు కొనండి. రా ఫైల్ ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ అనుకుంటే రోజుకి దాదాపు 30 జీబీ, పది రోజులకి 300. అంటే 64 జీబీ కార్డులు ఆరు. పెద్ద కార్డు ఒకటే కొనకండి, పోతే అన్నీ పోతాయి. నిండిన కార్డుని పాతకాలం ఫిల్మ్ రోల్‌లా పక్కన పెట్టేయండి, ఇంటికి వచ్చేదాకా ఫార్మాట్ మాటే వద్దు. కెమెరాలో రెండు స్లాట్లు ఉంటే సెట్టింగ్ చూసుకోండి. చాలా కెమెరాల్లో మొదటిది నిండాకే రెండోదాంట్లోకి వెళ్లేలా ఉంటుంది, దాన్ని బ్యాకప్‌కి మార్చాలి.

రెండో కాపీకి నేను ఫోన్, టైప్-సి హబ్ (ఫోన్ ఒక్క పోర్ట్‌కే రెండు మూడు పరికరాలు తగిలించే డబ్బా), కార్డ్ రీడర్, ఎస్ఎస్‌డీ వాడతాను. చార్జర్ పెట్టే రంధ్రం ఉన్న హబ్ తీసుకోండి, రీడర్‌కీ ఎస్ఎస్‌డీకీ కలిపి ఫోన్ ఒక్కటే కరెంట్ ఇవ్వలేకపోవచ్చు. ఎస్ఎస్‌డీని ఎక్స్‌ఫ్యాట్ (exFAT, ఫోన్లూ కంప్యూటర్లూ చాలావరకు చదవగలిగే పద్ధతి)లో ఫార్మాట్ చేసి, బయల్దేరే ముందే మీ ఫోన్‌తో ఒకసారి కాపీ చేసి చూడండి. మామూలు ఫోన్ల పోర్ట్ నెమ్మది, 30 జీబీకి అరగంట పైనే పట్టొచ్చు. స్క్రీన్ ఆరిపోతే కాపీ మధ్యలో ఆగిన సందర్భాలున్నాయి, అందుకని భోజనం చేస్తూ పక్కనే పెట్టుకుంటాను. అయ్యాక ఫోల్డర్ సైజు రెండుచోట్లా పోల్చి, చివరి నాలుగైదు ఫోటోలు తెరిచి జూమ్ చేస్తాను. చిన్న బొమ్మ కనిపించినంత మాత్రాన ఫైల్ మొత్తం వచ్చినట్టు కాదు.

క్లౌడ్ సంగతి లడఖ్‌లో మర్చిపోండి. మన దగ్గరి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి, అదీ లేహ్ దాటితే అంతంతమాత్రమే. గూగుల్ ఫోటోస్‌లో ఉచిత అన్‌లిమిటెడ్ 2021 జూన్‌లోనే పోయింది. ఉన్న 15 జీబీ మీకు ఒక పూటకి సరిపోతుంది.

ఇంకొక్కటి. కార్డులూ ఎస్ఎస్‌డీ ఒకే బ్యాగులో పెట్టకండి, బ్యాగు పోతే రెండు కాపీలున్నా ఒకటే. 2023లో లడఖ్‌లోనే హాన్లే వెళ్లినప్పుడు ఎస్ఎస్‌డీ నా దగ్గర ఉంచుకున్నాను. కార్డుల పర్సు మాత్రం నాన్నగారే తీసుకుని స్వెటర్ లోపల చొక్కా జేబులో పెట్టుకున్నారు. నా మీద నమ్మకం లేదట.